దివాణం మెట్ల మీద నలుగురు

నవంబరు నెల. సాయంత్రం అయిదు దాటింది. వాయుగుండం పట్టి మూడు రోజులు. వాన గట్టిగా కురవదు, అలాగని ఆగదు. ముసురు.

హనుమాన్ జంక్షన్ దగ్గర హైవే దిగి, కాలవ గట్టు మీద కొంత దూరం వెళితే ఒక ఊరు. పేరెందుకులెండి. ఆ చుట్టుపక్కల వాళ్ళ దగ్గర 'దివాణం మెట్లు' అంటే చాలు, మాట మార్చేస్తారు.

పొద్దుగూకాక, అందులోనూ ముసురు రోజున, ఆ మెట్ల మీద ఏదీ మొయ్యకూడదంటారు. బియ్యం బస్తా కానీ, పసిబిడ్డ కానీ. మోస్తే సగం మెట్లెక్కాక వచ్చే వెడల్పాటి చపటా దగ్గర మోకాళ్ళు పట్టు తప్పుతాయి. అలా కూలబడ్డవాళ్ళున్నారు.

కృష్ణ పొంగినా నీళ్ళు రాకూడదని, రెండు నిలువుల దిమ్మె మీద కట్టించాడట దివాణాన్ని దొర. కట్టించాడే గాని, ఆ మెట్లు తన కాళ్ళతో ఏనాడూ ఎక్కలేదు. కింద పోర్టికోలో మేనా ఎక్కితే, పైన హాల్లోనే దిగేవాడు. మొయ్యడానికి నలుగురు బోయీలు. "ఓహోం... ఓహోం..." అనుకుంటూ, కుదుపు లేకుండా తీసుకెళ్ళేవాళ్ళు.

ఇలాంటి ముసురులోనే ఒక సాయంత్రం, చపటా దగ్గర ముందు బోయీ కాలు జారింది. దొర బోర్లా పడ్డాడు. అదీ చుట్టాల ముందు.

లేచి, బట్టలు దులుపుకుని, ఆ చపటా మీదే నలుగురికీ మోకాళ్ళు విరగ్గొట్టించాడు. జారింది ఒక్కడైతే నలుగురికీ ఎందుకని అడిగినవాడు లేడు. ఎత్తుకెళ్ళినవాడూ లేడు. వాళ్ళు దేక్కుంటూ మెట్లు దిగారు. దేక్కుంటూనే కాలవ గట్టు దాకా వెళ్ళారు. ఆ తరవాత ఎవరూ చూడలేదు.

ఇప్పుడది మ్యూజియం. టికెట్టు కొనుక్కుని చూడొచ్చు.

ఆ రోజు కారు పోర్టికోలో ఆగేసరికి హెలెన్‌కి ఈ కథ తెలీదు. డిక్కీలోంచి వీల్‌చెయిర్ తీసి విప్పాడు భర్త బాలశౌరి. ఆటోనగర్‌లో స్పేర్‌పార్టుల షాపు ఆయనది. డిస్క్ ఆపరేషన్ అయ్యాక కుర్చీ విప్పడం వరకే ఆయన పని. హెలెన్ కూతురి చంకల కింద చేతులేసి, ఎప్పటిలాగే ఒక్క ఊపులో సీటులోంచి కుర్చీలోకి మార్చింది.

దీవెనకి నడుం కింద స్పర్శ లేదు. పుట్టుకతోనే. హిస్టరీలో పీజీ చేస్తోంది. ఈ దివాణంలోని మేనా ఫోటోలు నెట్‌లో ఎన్ని చూసిందో! అన్నీ ముందు నుంచి తీసినవే. పట్టు పరుపు, పూల తెరలు, లోపల కూచుని నవ్వే పెళ్ళి జంటలు. మోసే కర్ర ఒక్కదాంట్లోనూ సరిగా పడలేదు.

"భుజాలు ఆనినచోట కర్ర అరిగి ఉంటుందమ్మా. అది నా కళ్ళతో నేను చూడాలి." నెల రోజులుగా ఇదే పాట.

మెట్ల పైన మేనేజరు వెంకటకృష్ణారావు గారు నిలబడి ఉన్నారు. తాళాల గుత్తి వేలికి తిప్పుతూ. కిందికి దిగలేదు.

"ఫోన్ చేస్తే ర్యాంపు ఉందన్నారండీ" అంది దీవెన, మెడ పైకెత్తి.

"ఉందమ్మా. లేదన్నామా?"

"ఎక్కడండీ?"

ఆయన గడ్డంతో గోడ పక్కకి చూపించారు. నీలం టార్పాలిన్ కింద ఇనప చట్రం, చెక్కలు. ర్యాంపే. దాని మీద డీజిలు డబ్బాలు, విరిగిన కుర్చీలు.

"ఆఫీసర్లు వచ్చిన రోజు వేస్తాం. రోజూ వేస్తే ప్రీ-వెడ్డింగ్ షూట్ల వాళ్ళు ఒప్పుకోరు. ఫ్రేములో అసహ్యంగా పడుతుందిట."

"ఇవాళ షూటింగేం లేదుగా అండీ" అన్నాడు బాలశౌరి.

"వానండీ. చెక్కలు తడిస్తే పాడైపోవూ?" ఆయన గొంతు తియ్యగా మారింది. "అయినా పాపని ఈ ముసురులో తిప్పడం ఎందుకండీ మీకు? యూట్యూబులో అంతా ఉందిగా. ఇంట్లో హాయిగా పడుకుని చూసుకుంటుంది."

"పాపకి ఇరవై మూడండీ" అంది దీవెన. "ఓటు కూడా ఉంది."

ఆయన పెద్దగా నవ్వారు. ఆమెని చూసి కాదు, బాలశౌరిని చూసి. "హుషారేనండీ మీ అమ్మాయి!"

బాలశౌరి కూడా నవ్వాడు. మొహమాటానికి.

దీవెన తండ్రి వైపు ఒకసారి చూసి, తల దించుకుంది.

"పోనీ, ఊళ్ళోంచి నలుగురు కుర్రాళ్ళని పిలిపించమంటారా? కుర్చీతో సహా ఎత్తి పైన పడేస్తారు."

"వద్దు" అంది హెలెన్.

ఒక్క మాటే. కిందటేడు గన్నవరంలో ఒక పెళ్ళికి వెళితే, హాలు మెట్ల మీద నలుగురు కుర్రాళ్ళు ఇలాగే ఎత్తారు. సగం దూరంలో ఒకడికి ఫోనొచ్చింది. చెయ్యి వదిలేశాడు. తొడ ఎముక విరిగిన సంగతి దీవెనకే తెలీలేదు. నొప్పి తెలిస్తేగా! పెళ్ళి భోజనం చేసింది, ఫోటోలు దిగింది. ఇంటికొచ్చి బట్టలు మారుస్తుంటే, కమిలి వాచిన కాలు హెలెన్ కంటపడింది. ఆ రాత్రే మరియమ్మ తల్లి ముందు ఒట్టు పెట్టుకుంది. తన పిల్లని ఇంకొకళ్ళ చేతుల్లో పెట్టనని.

టికెట్లిచ్చే రావమ్మ దగ్గరికొచ్చి, గొంతు తగ్గించింది.

"మంచిపని చేశారమ్మా. ఈ వేళప్పుడు ఈ మెట్ల మీద ఏమీ మొయ్యకూడదు..." అని మొదలుపెట్టి, దొర సంగతి, బోయీల సంగతి, మోకాళ్ళ సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేసింది.

"రావమ్మా! మళ్ళీ మొదలెట్టావా?" పైనుంచి కేక. "ఉన్న నలుగురు విజిటర్లనీ తోలెయ్యి!"

దీవెన మాత్రం కదలకుండా విన్నది. "వాళ్ళ పేర్లేంటండీ?" అని అడిగింది.

రావమ్మ తెల్లబోయింది. "ఎవరివమ్మా, బోయీలవా? ఏమో... ఎవరూ అడగలేదు."

వాన కాస్త జోరందుకుంది. ఆరింటికి మూసేస్తారు.

"మీరెళ్ళండమ్మా" అంది దీవెన. "వీడియో తీసుకురా. కర్రని దగ్గరగా తియ్యి. తెరలు వద్దు."

గొంతు మామూలుగానే ఉంది. ఆ మామూలుతనమే హెలెన్‌కి గుచ్చుకుంది. ఎక్కడికెళ్ళినా ఇంతే. మిగతావాళ్ళు పైకెక్కి చూసొస్తారు. ఫోనులో తెచ్చి చూపిస్తారు. దీవెన చూసిన లోకంలో సగం అమ్మ ఫోనులోంచే.

"అయిదు నిమిషాలే, తల్లీ. రావమ్మ గారుంటారు."

"ఆఁ."

హెలెన్ మెట్లెక్కింది, వెనకే బాలశౌరి. చపటా దగ్గర ఒకసారి వెనక్కి తిరిగింది. పోర్టికో లైటు కింద చిన్నగా, ఒక్కతే, కుర్చీలో దీవెన. రావమ్మ అప్పటికే గొడుగేసుకుని గేటు మూయడానికి పోతోంది.

వెనక్కి దిగుదామనుకుంది. దిగలేదు.

హాలు పొడుగ్గా ఉంది. గబ్బిలాల కంపు. అద్దాల బీరువాల్లో కత్తులు, హుక్కాలు, దొర చెప్పులు. నడవడమే తెలియని చెప్పులు, అట్టలు కొత్తగానే ఉన్నాయి. చివర్లో, తాడు కట్టిన గట్టు మీద మేనా.

హెలెన్ ఫోను తీసి కర్ర మీదికి వంగింది. పిల్ల చెప్పినట్టే ఉంది. నాలుగు చోట్ల, అరచెయ్యంత పల్లం. నున్నగా, నూనె రాసినట్టు. ఎన్నేళ్ళు మోస్తే కొయ్యకి అంత గుంట పడుతుందో!

"కర్రేముందండీ తియ్యడానికి?" వెంకటకృష్ణారావు గారు తాడు దాటి వెళ్ళి, మేనా అంచున దర్జాగా కూచున్నారు. "పరుపు తియ్యండి. అసలు సిసలు బనారసు."

"వాళ్ళ మోకాళ్ళు... నిజమేనాండీ?" అడిగాడు బాలశౌరి.

"నిజమేలెండి. మొయ్యడానికి పెట్టుకున్నవాళ్ళు పడేస్తే, ముద్దు పెట్టుకుంటారా?"

కరెంటు పోయింది.

ఒక్కసారిగా, అంతా. హాలు, పోర్టికో, గేటు దగ్గర లైటు. వాన చప్పుడు మాత్రం మిగిలింది.

"దీవెనా!" హెలెన్ చీకట్లోనే గుమ్మం వైపు నడిచింది. "అమ్మలూ, భయపడకు, వస్తున్నా—"

కింద నుంచి ఏదో వినపడింది.

ఆగింది.

"ఓహోం..."

చాలా మెల్లగా. నలుగురి గొంతులు, ఒకే ఊపిరితో.

"ఓహోం..."

"ఎవడ్రా అది?" వెంకటకృష్ణారావు గారు అరిచారు. "షూటింగు కుర్రాళ్ళండీ. వేళాకోళం." కానీ మేనా మీంచి గబుక్కున లేచిన చప్పుడు వినపడింది.

ఓహోం... మెట్టు మీద ఏదో ఈడ్చిన చప్పుడు. ఓహోం... మళ్ళీ ఈడ్చిన చప్పుడు. అడుగుల చప్పుడు లేదు. తడిసిన గోనెసంచీని రాతి మీద లాగితే ఎలా ఉంటుందో... అలా, నాలుగు.

హెలెన్ గుమ్మం చెక్క పట్టుకుంది. ఏసయ్యా... ఏసయ్యా... లోపలే.

గుమ్మంలోకి చల్లటి గాలి కొట్టింది. చెమట వాసన. కాలవ బురద వాసన. తరవాత హాల్లో నేల మీద రబ్బరు చక్రాలు ఆనిన మెత్తటి శబ్దం. కునుకుతున్న బిడ్డని మంచం మీద దించినంత మెత్తగా.

"అమ్మా" అంది చీకటి. "కర్ర ఎక్కడుంది?"

బాలశౌరి ఫోను టార్చి వేశాడు. వెలుగు గోడల మీద తిరిగి తిరిగి, చివరికి దీవెన మీద నిలిచింది. కుర్చీలో నిటారుగా కూచుని ఉంది. చక్రాలు తడి. జుట్టు మాత్రం పొడిగా ఉంది.

"ఎవరు... ఎవరెత్తారే?" అడిగాడు బాలశౌరి.

"తరవాత, డాడీ." ఆమె చక్రాలు తిప్పుకుంటూ నేరుగా మేనా దగ్గరికి వెళ్ళింది. ఎవరూ దారి చూపించలేదు. కర్ర మీద చెయ్యి పెట్టి, ఒక్కొక్క గుంటలో అరచెయ్యి ఆనించి, కాసేపలా ఉంచింది. ఒకటి. రెండోది. అవతలికి తిరిగి మూడోది, నాలుగోది.

"చక్రాల బురదంతా హాల్లోకి!" వెంకటకృష్ణారావు గారికి గొంతు తిరిగొచ్చింది. భయపడ్డవాడి కోపం. "ఎవడు మోశాడు? నా పర్మిషన్ లేకుండా ఎవడు మోశాడంట? పదండి, పదండి, మూసెయ్యాలి."

"దింపడానికి ఎవర్నన్నా..." బాలశౌరి నసిగాడు.

"ఎలా ఎక్కిందో అలాగే దిగమనండి! నాకేం సంబంధం?"

తాళాల గుత్తి చేతపట్టుకుని, ఫోను వెలుగులో ఆయనే ముందు మెట్లు దిగారు. హెలెన్ కుర్చీ పిడులు గట్టిగా పట్టుకుని గుమ్మం దాకా తోసింది. అక్కడ ఆగింది. కింద ఆయన ఫోను వెలుగు మెట్టు మెట్టూ దిగుతోంది. ఆ వెలుగులో తడి మెట్ల మీద బురద చారలు కనిపించాయి. అడుగుల ముద్రలు కావు. ఈడ్చిన గీతలు. కింద నుంచి పైదాకా.

చపటా దగ్గర వెలుగు ఆగిపోయింది.

"ఏయ్... ఎవర్రా... లెండి అక్కణ్ణుంచి. దారికి అడ్డంగా..."

వెలుగు కిందికి వంగింది.

"వదలండ్రా. కాళ్ళు వదలండి... బాబూ... వదలం—"

ఆయన పడలేదు. పడితే దొర్లిన చప్పుడు వస్తుంది. ఎండు కొమ్మ విరిగినట్టు ఒక శబ్దం, వెంటనే ఇంకొకటి. ఫోను జారి మెట్ల మీద గెంతుకుంటూ పోయి, ఎక్కడో ఆరిపోయింది. ఆ తరవాత కేక. అది మనిషి కేకలా లేదు.

హెలెన్ కుర్చీని వెనక్కి లాగింది. రాలేదు.

పిడులు చేతుల్లో తేలికైపోయాయి. ముందు చక్రాలు లేచాయి. తరవాత వెనకవి. నాలుగు వైపుల నుంచీ ఎవరో ఎత్తుతున్నారు. చెమట వాసన మొహానికి కొట్టింది.

"వద్దు..." ఆమె రెండు చేతులతో వేలాడింది. "నా పిల్ల... పడేస్తారు... వద్దు బాబూ, దణ్ణం పెడతాను..."

"అమ్మా." దీవెన గొంతు దగ్గరగా, నెమ్మదిగా. "వదిలెయ్యి. వీళ్ళు పడెయ్యరు."

ఎలా వదిలిందో ఆమెకే తెలీదు. వేళ్ళు ఒక్కొక్కటే విప్పుకుంది.

ఓహోం... ఓహోం...

కుర్చీ చీకట్లోకి దిగింది. ఒరగలేదు, కుదపలేదు. కొలనులో పడవ పోయినట్టు పోయింది. వెనకాల హెలెన్, ఆమె భుజం పట్టుకుని బాలశౌరి. అతని టార్చి చపటా మీద పడింది. వెంకటకృష్ణారావు గారు గోడకి చేరగిలబడి ఉన్నారు. కాళ్ళు తిరగకూడని వైపు తిరిగి ఉన్నాయి. దాటిపోతున్న కుర్చీ వైపు చేతులు చాచారు.

"నన్ను కూడా... ఎత్తండి... నన్ను కూడా..."

కుర్చీ ఆగలేదు.

పోర్టికోలో చక్రాలు నేల తాకాయి. వాసన పోయింది. అంతే.

అంబులెన్సు వచ్చింది. ఇద్దరు కుర్రాళ్ళు స్ట్రెచర్ పట్టుకుని ఎక్కి, ఆయన్ని దాని మీద పడుకోబెట్టారు. ఎత్తబోయారు. ఇద్దరూ ఒక్కసారే మోకాళ్ళ మీద కూలబడ్డారు. డ్రైవరూ, బాలశౌరీ సాయం వెళ్ళారు. లాభం లేదు. "కాళ్ళు నిలబడట్లేదు సార్, ఏంటిది!" అంటున్నాడు ఒకడు ఏడుపు గొంతుతో.

మెట్ల కింద గొడుగు పట్టుకుని నిలబడ్డ రావమ్మే చివరికి అంది. "మొయ్యకండయ్యా. ర్యాంపు వెయ్యండి."

డబ్బాలు దించి, టార్పాలిన్ లాగి, వానలో ఆ చెక్కలన్నీ మెట్ల మీద పరిచారు. స్ట్రెచర్ చక్రాల మీద ఆయన్ని దొర్లించుకుంటూ దింపారు. చెక్క చెక్కకీ అతుకు. అతుకు అతుక్కీ ఆయన కేక.

దీవెన కారు అద్దం దించింది.

"చెక్కలు తడుస్తున్నాయండీ" అంది.

హెలెన్ కూతురి మొహంలోకి చూసింది. చూసి, గబుక్కున చూపు తిప్పేసుకుంది.

గుణదలలో ఇంటికి చేరారు. బాలశౌరి అన్నం వద్దని, మాత్ర వేసుకుని పడుకున్నాడు. హెలెన్ కూతురికి బట్టలు మార్చి, అలవాటు ప్రకారం కాళ్ళు రెండూ తడిమి తడిమి చూసింది. గీత లేదు. కమిలిన మచ్చ లేదు.

"ఎవరు తల్లీ వాళ్ళు?" గుసగుసగా అడిగింది.

"మొహాలు కనపళ్ళేదమ్మా. చాలా మెల్లగా ఎత్తారు. నువ్వు ఎత్తినట్టే."

"ఏమన్నా అన్నారా?"



"ఎక్కించేటప్పుడు అడిగారు. నిన్ను కింద వదిలేసి ముగ్గురు పైనున్నారు, ఎవర్నేం చెయ్యమంటావు తల్లీ... అని."

తువ్వాలు హెలెన్ చేతిలోనే ఆగిపోయింది.

"నువ్వు... ఏమన్నావు?"

"అమ్మని ముట్టుకోవద్దన్నాను."

బయట చూరు నీళ్ళు కారుతున్నాయి.

"డాడీని?"

దీవెన దుప్పటి పైకి లాక్కుంది.

"దీవెనా. డాడీని?"

"కాస్త ఆలోచించానమ్మా." గోడవైపు తల తిప్పుకుంది. "వద్దనే చెప్పాను."

మూడో మనిషి సంగతి హెలెన్ అడగలేదు. అడిగి ఏం చెయ్యాలి? ఆ నలుగురూ తననే అడిగి ఉంటే... ఆలోచించేది కూడా కాదు.

లైటు తీసేసింది. గుమ్మంలో నిలబడి, చీకట్లో ఒక్కొక్కళ్ళనే లెక్కపెట్టుకుంది. బాలశౌరి. మంచం దగ్గరికి వెళ్ళి, దుప్పటి పైనుంచే మోకాళ్ళు తడిమింది. రెండూ తిన్నగానే ఉన్నాయి. దీవెన. ఊపిరి నెమ్మదిగా ఆడుతోంది, నిద్రపట్టింది. తను.

ముగ్గురు. క్షేమంగా ఇల్లు చేరారు.

ఇంట్లోకి వచ్చింది ముగ్గురేనా అని, వీధి తలుపు గడియ మీద చెయ్యి పెట్టి, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది.